ఓవర్‌బ్రిడ్జి మీద మోటారు మోత

డిగ్రీ పాసయ్యాను. ముందు ఈ మాట రాసుకుంటే గాని మిగతాది రాయబుద్ధి కావడం లేదు. బీఎస్సీ, అందులోనూ ఫిజిక్సు. అమ్మ వైపూ నాన్న వైపూ మొత్తం వెతికినా మా చుట్టాల్లో డిగ్రీ చేతికి తీసుకున్నవాళ్ళు లేరు. రిజల్టు వచ్చిన పొద్దున్న ఫోను పట్టుకుని చెరువు గట్టు మీదకు పరుగెత్తుకెళ్ళి చెప్పాను. అమ్మ తవుడు కలుపుతున్న చేతులు ఆపి, "అంటే ఇంక పరీక్షలుండవా?" అనడిగింది. ఉండవన్నాను. "అయితే ఈ బస్తా తీసుకెళ్ళి ఆ చివరి చెరువు దగ్గర దింపు" అంది. నేను బస్తా దింపి వచ్చేసరికి గట్టు మీద అమ్మ లేదు. ఊళ్ళోకి వెళ్ళి ఎదురైన ప్రతి మనిషికీ చెప్పుకుంటూ పోతోంది. చివరికి రేషను బియ్యం కోసం పొరుగూరి నుంచి వచ్చిన ఆవిణ్ణి కూడా వదల్లేదు.

ఈ వారం ఇంకో కబురొచ్చింది. అది డిగ్రీ కన్నా పెద్దదో చిన్నదో నేను తేల్చుకోలేకపోతున్నాను. కానీ దెందులూరు దగ్గర ఓవర్‌బ్రిడ్జి మీద జరిగింది చెప్పకుండా ఆ కబురు చెబితే ఎవరికీ అర్థం కాదు. ఆ పొద్దున్న నేను సైకిల్ పోటీలో మొదట వచ్చాను. చెమట ఆరేలోపే, నా సైకిల్లో దొంగతనంగా మోటారు పెట్టానన్నారు.

మాది కొల్లేరు అంచున, చేపల చెరువుల మధ్య ఊరు. అమ్మానాన్నలిద్దరూ ఒక రైతు చెరువుల మీద పని చేస్తారు. నాన్న కాపలా చూస్తాడు, ఇద్దరూ కలిసి మేత వేస్తారు. మేతంటే తవుడు, నూనె తీసిన గింజల చెక్క. దాన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి చెరువులో పాతిన కర్రలకు కడితే చేపలు వచ్చి పొడుచుకుని తింటాయి. నీటికాకులు చేపపిల్లల్ని ఎత్తుకుపోకుండా చెరువు మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మెరిసే రిబ్బన్లు లాగి కడతారు. లారీ రోడ్డు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి మేత బస్తాలు గట్టు మీద సైకిల్‌తోనే చేరాలి. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఆ పని నాదే. కొల్లేటి మీద గాలికి అడ్డనేది లేదు. ఎదురుగాలి పూట బస్తా వేసుకుని తొక్కుతుంటే ముందుకు వెళ్తున్నానో, ఉన్నచోటే ఉన్నానో పక్కనున్న కర్రలను చూసి తెలుసుకోవలసిందే.

కాలేజీ తాడేపల్లిగూడెంలో. రోజూ గణపవరం మీదుగా బస్సు. ఒకరోజు బస్సు రాలేదు. ఇంటర్నల్ పరీక్ష ఉంది కదా అని మేత సైకిలేసుకునే వెళ్ళిపోయాను. గేటు దగ్గర మా ఆటల మాస్టారు, కాలేజీలో అందరూ పీడీ సారంటారు, నన్నాపి ఎక్కణ్ణుంచి వస్తున్నానో అడిగారు. చెప్పాను. ఆయన నా మొహం వైపు కాదు, సైకిల్ వెనక బస్తా కట్టే ఇనుప స్టాండు వైపు చాలాసేపు చూశారు. "దీనిమీద బరువు కూడా మోస్తావా అమ్మా?" అన్నారు. ఆ సాయంత్రం ఆటల గది మూల నుంచి ఒక పాత రేసు సైకిల్ బయటికి తీశారు. నీలం రంగు పెచ్చులూడిపోయిన ఇనుప ఫ్రేము. గేర్లలో సగం పడవు. "అల్యూమినియం లేదు, కార్బన్ లేదు. ఉన్నది ఇదే. తొక్కుతావా?" అన్నారు. అప్పటి నుంచీ అది మా ఇంటి వసారాలోనే ఉంది.

దొంగ మోటార్ల సంగతి మొదట చెప్పింది కూడా పీడీ సారే. సాయంత్రాలు గ్రౌండులో కూర్చుని ఫోన్లో విదేశాల పోటీలు చూపించేవారు. కొండల మీద గుంపులో నుంచి ఒక్కడు హఠాత్తుగా విడిపోయి పైకి వెళ్ళిపోతుంటే, "చూడు, ఇప్పుడిలాంటోణ్ణి అందరూ అనుమానిస్తారు" అనేవారు. సీటు కింద గొట్టంలో సన్నటి మోటారు దాస్తారని, అది పెడల్ ఇరుసును తిప్పుతుందని, అందుకే పోటీ అయ్యాక సైకిళ్ళను పరికరాలతో వెతుకుతారని చెప్పారు. ఒకసారి నిజంగానే దొరికిందట. ఆ తర్వాత ఏ తప్పూ చేయనివాడు గెలిచినా చూసేవాళ్ళ కళ్ళు ముందు సీటు గొట్టం మీదికే పోతున్నాయట.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే అమ్మ బాధపడలేదు సరికదా సంబరపడిపోయింది. "అలాంటివి దొరుకుతాయా? మన మేత సైకిల్‌కి ఒకటి పెట్టించవే, మీ నాన్న మోకాళ్ళు బాగుపడతాయి" అంది.

"పోటీలో పెడితే దొంగతనం అమ్మా."

"పోటీలో ఎందుకే? తవుడు మోయడానికి."

డిగ్రీ రిజల్టు తర్వాత వచ్చిన ఆదివారం జిల్లా సెలక్షన్ పోటీ. అందులో మొదట వచ్చిన ఒక్క అమ్మాయి రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరానికి వెళ్తుంది. రెండో స్థానానికి చప్పట్లు తప్ప ఏమీ లేదు. నాకింకో చిక్కుంది. డిగ్రీ అయిపోయింది కనుక వచ్చే ఏడాది నా పేరు పంపడానికి కాలేజీ ఉండదు. వెళితే ఇప్పుడే వెళ్ళాలి, లేకపోతే లేదు. ఆ మాట పీడీ సారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

దెందులూరు దగ్గర పాత రోడ్డు మీద తెల్లవారుతుండగా మొదలుపెట్టారు. వరి చేలు, చెరువులు, కాలవ, అన్నీ పక్క పక్కనే. మొత్తం దారిలో ఎత్తంటూ ఉన్నది రైలు పట్టాల మీదుగా పోయే ఓవర్‌బ్రిడ్జి ఒక్కటే. తిరిగొచ్చేటప్పుడు, ముగింపు గీతకు కాస్త ముందు అది వస్తుంది. జంగారెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటి నుంచీ అందరికన్నా ముందుంది. తెల్ల సైకిల్, చూస్తేనే తేలిగ్గా ఉంది. మెట్ట ప్రాంతం పిల్ల, ఎత్తులు అలవాటే. బ్రిడ్జి మొదట్లో నాకూ ఆమెకూ మధ్య లారీ పట్టేంత దూరం. సరిగ్గా అక్కడే చెరువుల మీది నుంచి గాలి కొట్టింది. ఆమె సైకిల్ కాస్త పక్కకు జరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, నెమ్మదించింది. నాకు మాత్రం ఆ గాలి తగలగానే వీపు మీద బస్తా దింపినట్టనిపించింది. ఇంత చిన్న గాలికా! పెడళ్ళ మీద లేచి నిలబడ్డాను. బ్రిడ్జి నడినెత్తిన ఆమెను దాటాను. అటువైపు దిగుడులో నా చుట్టూ గాలి తప్ప ఇంకేమీ వినపడలేదు. గీత దాటాక బ్రేకు వేయడం మర్చిపోయి టీ బండి దాకా పోయాను.

అమ్మ అక్కడే ఉంది. పొద్దున్నే నాతోపాటే ఆటోలో వచ్చింది. సైకిల్ నా చేతుల్లోంచి తీసుకుని స్టాండుకు ఆనించి, దాని వెనకే కాసేపు తచ్చాడింది. నేను పీడీ సారు చేతులు పట్టుకుని గెంతుతున్నాను. తిరిగి చూసేసరికి అమ్మ లేదు. టీ తాగడానికి వెళ్ళిందనుకున్నాను.

పోటీకి పెద్దగా వచ్చిన మేడం రిఫరీ టోపీ పెట్టుకుని చెట్టు కింద బల్ల దగ్గర కూర్చున్నారు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి కోచ్ మోటార్‌సైకిల్ దిగి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. నలభై దాటిన మనిషి, బొజ్జ, మెడలో విజిల్.

"మేడం గారండీ, ఫలితం చెప్పే ముందు ఒక్కమాట. ఆ నీలం సైకిల్లో మోటారుందండీ."

మేడం తలెత్తారు. "సైకిల్లోనా?"

"ఆయ్. నేను మా పిల్ల వెనకాలే వస్తున్నానండీ. ఈ అమ్మాయి దాటేటప్పుడు జుయ్యిమని ఒకటే మోత. నా చెవులతో విన్నాను."

"మీ మోటార్‌సైకిల్ మోతేమోనండీ" అన్నారు పీడీ సారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నా బండి మోత నాకు తెలీదేంటండీ? మాది మెట్ట. మా పిల్లలు రోజూ ఎత్తుపల్లాలే తొక్కుతారు. వీళ్ళ పల్లంలో ఎత్తంటే ఏవుందండీ, వరి గట్టు! అలాంటి పిల్ల ఇంత పాత సైకిల్ మీద బ్రిడ్జి ఎక్కుతూ మా పిల్లని దాటిపోద్దా?"

బ్రిడ్జి మీద నిలబడి చూసినవాళ్ళలో రొయ్యల చెరువులున్న ఒకాయన ముందుకొచ్చాడు. "మోత మాత్రం నిజమేనండీ. చెరువుల్లో గాలి కొట్టే మోటార్లతోనే బతుకుతున్నవాణ్ణి. అది మోటారు మోత కాదంటే నేనొప్పుకోను."

"ఎంత మోటారు ఉంటదంటావ్ బాబాయ్?" అని గుంపులోంచి ఎవరో.

"చిన్నదేలే. అర హెచ్‌పీ."

నాకు ఒళ్ళు మండింది. "అర హెచ్‌పీది మా రైతు గారి చెరువు గట్టు మీద ఉందండీ. బిందెంత లావుంటుంది. ఈ గొట్టంలో ఎలా పడుతుందండీ బాబాయ్ గారూ?" అన్నాను.

గుంపు మళ్ళీ నవ్వింది కానీ మేడం నవ్వలేదు. లేచి వచ్చి సైకిల్ ఎత్తి చూశారు. పెడల్ వెనక్కీ ముందుకీ తిప్పారు. "బరువుగా ఉంది" అన్నారు. కోచ్ ఫోన్లో దిక్సూచి తెరిచి సీటు గొట్టం దగ్గర పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది.

"చూశారా! చూశారా!"

"ఇనుము కదండీ సార్. ఇనుము దగ్గర దిక్సూచి తిరక్క ఏం చేస్తుంది?" ఫోను ఒకసారి ఇవ్వమని అడిగి టీ బండి చక్రం దగ్గర పెట్టాను. ముల్లు తిరిగింది. ఆయన మోటార్‌సైకిల్ హ్యాండిల్ దగ్గర పెట్టాను. తిరిగింది. తెల్ల సైకిల్ దగ్గర పెడితే కాస్తే కదిలింది. "ఇది అల్యూమినియం, అది ఇనుము, అంతే తేడా. టీ బండికి కూడా మోటారుందంటారా?" ఆ క్షణాన నా మూడేళ్ళ ఫిజిక్సు సార్థకమైంది. టీ బండాయన మాత్రం కంగారుపడి, "నా దాంట్లో ఏవీ లేదండోయ్" అన్నాడు.

"సరే, సీటు తీసి లోపల చూపించండి" అన్నారు మేడం. "దాంతో తేలిపోద్ది."

పీడీ సారు బోల్టు వదులు చేసి సీటు పట్టుకుని లాగారు. రాలేదు. మెలితిప్పారు. రాలేదు. ఇద్దరు ఫ్రేము పట్టుకుంటే ఇద్దరు సీటు పట్టుకుని లాగారు. చెరువుల మధ్య తేమలో అన్నాళ్ళున్న ఇనుము. మా ఊళ్ళో తలుపు గొళ్ళేలు కూడా వానాకాలం దాటితే ఒక పట్టాన కదలవు. ఆ సంగతి చెబితే కోచ్ తలూపి, "ఏదో ఉండబట్టే కదండీ రావట్లేదు" అన్నాడు. అక్కడితో ఆగలేదు. "ఆ నీళ్ళ సీసా చూడండి, నల్ల సీసా. బ్యాటరీ అందులోనే పెడతారంట" అన్నాడు. ఇంకెవరో, "పక్కనే వెల్డింగ్ షాపుందండీ, గొట్టం కోసి చూసేద్దాం. ఏవీ లేపోతే మళ్ళీ అతికించెయ్యచ్చు" అన్నారు.

"ముందు వాళ్ళ తెల్ల సైకిల్ కోయండి, తర్వాత ఇది కోద్దాం" అన్నాను.

"కోపం వద్దమ్మా" అన్నారు మేడం. మెత్తగానే అన్నారు. "కోస్తే శిబిరానికి దేనిమీద వెళ్తావు? నేను కోయనివ్వను. కానీ ఫిర్యాదొచ్చింది, మోత విన్నామని ఇద్దరు చెబుతున్నారు. అనుమానం తీరకుండా నీకు మొదటి స్థానం ఇవ్వలేను. తీరకపోతే రెండో అమ్మాయి వెళ్తుంది. అంతకుమించి నా చేతుల్లో లేదు."

మెట్ట అమ్మాయి కొంచెం దూరంగా కూర్చుని ఉంది. మా వైపు చూడటం లేదు.

నాకు ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ ఏడిస్తే మోటారుందనుకుంటారని మింగేశాను. "మళ్ళీ ఎక్కుతానండీ మేడం. ఇప్పుడే. మీరు వెనక బండి మీద రండి. మోత ఎక్కణ్ణుంచి వస్తోందో మీ చెవులతో మీరే వినండి."

పీడీ సారు, "కాళ్ళు పట్టేస్తాయమ్మా, కాస్సేపు ఆగు" అన్నారు. ఆగలేదు. మేడం కోచ్ బండి వెనక ఎక్కారు. నేను మళ్ళీ బ్రిడ్జి మొదటికి వెళ్ళి, తొడలు వణుకుతుంటే లేచి నిలబడి తొక్కాను. పైన గాలి ఇందాకటంత ఉంది. దిగుడులో వదిలేశాను. ఆపి వెనక్కి తిరిగి, "విన్నారా?" అన్నాను.

"ఏమీ లేదమ్మా" అన్నారు మేడం. "చిన్న చప్పుడు కూడా లేదు."

బతికాననుకున్నాను. అంతలో కోచ్ బండి స్టాండు వేసి, "మరదేనండీ! ఇందాక మోగింది, ఇప్పుడు మోగలేదు. ఇప్పుడు ఆఫ్ చేసేసింది!" అన్నాడు. రొయ్యల బాబాయ్ కూడా గడ్డం గోక్కుంటూ, "మోత వస్తే బాగుండేది. రాలేదంటేనే ఏదో ఉంది" అన్నాడు. గుంపు తల ఊపింది. మోత వచ్చినా తప్పే, రాకపోయినా తప్పే. ఇంక దేన్ని చూపించి నేను లేదని చెప్పాలి? లేనిదాన్ని తీసి చూపించే పరికరం ఏ దేశంలోనూ ఉండదు. పీడీ సారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం చూస్తే నాకు ఇంకా భయమేసింది. మేడం చేతి గడియారం చూసి, ఎండెక్కకముందే ఫలితం చెప్పేయాలన్నారు.

అప్పుడొచ్చింది అమ్మ, కాలవ వైపు నుంచి గబగబా నడుచుకుంటూ. ఎదురెళ్ళాను. "ఎక్కడికెళ్ళావమ్మా? ఇక్కడ నా సైకిల్లో మోటారుందంటున్నారు!"

అమ్మ నోటి మీద వేలు పెట్టుకుంది. మాట్లాడలేదు. చుట్టూ చూసింది. నేరుగా సైకిల్ దగ్గరికి వెళ్ళి, అందరూ బ్యాటరీ అనుకుంటున్న నల్ల సీసా తీసి, మూత విప్పి, నీళ్ళన్నీ కాళ్ళ మీద పోసుకుని కడుక్కుంది. చివరి పుడిసెడుతో మొహం కడుక్కుంది.

"బ్యాటరీ అయిపోయిందండోయ్!" అన్నారెవరో. ఈసారి మేడం కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

కాళ్ళు కడుక్కున్నాక గాని అమ్మకు నోరు రాలేదు. "ఏవైందే?" అంది. చెప్పాను. అమ్మ రొయ్యల బాబాయ్ వైపు తిరిగి, "ఎలా మోగిందండీ అన్నయ్య గారూ?" అనడిగింది.

ఆయన పెదాలు బిగించి, "జుయ్‌య్‌య్" అన్నాడు.

అమ్మ మొహం మారింది. నన్ను పక్కకు లాగింది. "చెప్పకూడదే" అంది, గొంతు తగ్గించి. "చెప్తే కట్టీ కట్టనట్టే."

"ఏం కట్టావమ్మా?"

పొద్దున్న చీకట్లో, నేను జడ వేసుకుంటుంటే, అమ్మ నా సైకిల్‌కి దిష్టి కట్టిందట. నల్లదారం కడదామంటే కనపడుద్ది, అడుగుతారు. అందుకని చెరువు మీద కట్టే రిబ్బన్ ముక్క ఒకటి నల్లరంగు రుద్ది, సీటు కింద నుంచి వెనక బ్రేకు దాకా బిగించి లాగి ముడేసిందట. మా వైపు పద్ధతి ఏంటంటే, పని అయ్యాక దిష్టికి కట్టినది ఎవరూ చూడకుండా విప్పాలి, పారే నీళ్ళలో వదలాలి, వెనక్కి తిరిగి చూడకుండా రావాలి, కాళ్ళు కడుక్కునేదాకా ఎవరితోనూ పలకకూడదు. నేను గీత దాటగానే అమ్మ అది విప్పి కాలవలో వదలడానికి వెళ్ళింది. నా సైకిల్లో మోటారు లేదని చూపించే ఒకే ఒక్క వస్తువు ఆ సమయానికి కాలవలో ఎంత దూరం పోయిందో.

ఆ రిబ్బన్లు గాలికి మోగుతాయి. బిగించి కట్టేదే అందుకు. ఆ మోతకే నీటికాకులు బెదిరిపోతాయి. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంటి చుట్టూ అదే మోత. నా వెనకే మోగుతుంటే కూడా నాకు గాలిలా అనిపించింది గాని వేరే చప్పుడనిపించలేదు.

"అమ్మా, చెప్పు" అన్నాను.

"చెప్తే దిష్టి నీకే తిరిగి తగులుద్దే. రేపు అక్కడ పడితే?"

"చెప్పకపోతే అక్కడికి వెళ్ళేదే లేదమ్మా. వెళ్తే కదా పడటానికి! పడితే లేస్తాను. చెప్పు."

అమ్మ కొంగు నడుముకు దోపుకుని మేడం ముందుకు వెళ్ళింది. "ఏవండీ మేడం గారూ, మోటారు కాదండీ అది. దిష్టికి నేను కట్టానండీ రిబ్బను. పిల్లకి తెలీదు. కాలవలో పారేసొచ్చాను. తప్పైతే నన్ననండి."

కోచ్ నవ్వేశాడు. "కథ బాగుందమ్మా. రిబ్బను కాలవలో, మోటారు గొట్టంలో."

రోడ్డు పక్క చెరువు మీద రిబ్బన్లు ఎండకు మెరుస్తున్నాయి. రొయ్యల బాబాయ్‌ని అడిగాను. ఆయన చెరువు వాళ్ళను కేకేసి ఒక ముక్క తెప్పించాడు. అమ్మ పొద్దున్న కట్టినట్టే, అదే ముడితో కట్టింది. మేడం వంగి చూశారు. నేను ఎక్కలేదు. హ్యాండిల్ కోచ్ ముందుకు తిప్పాను.

"మీరే తొక్కండి సార్."

"నేనా?"

"నేను తొక్కితే ఆన్ చేశానంటారు, ఆఫ్ చేశానంటారు. ఏ మీటైనా కనపడితే మీరే నొక్కండి. మోటారుంటే హాయిగా పైకి పోతారు."

"ఎక్కండి మాస్టారూ, అర హెచ్‌పీ!" అని గుంపు కేకలు మొదలెట్టింది. ఆయన మేడం వైపు చూశాడు. మేడం చేత్తో బ్రిడ్జి చూపించారు. విజిల్ తీసి జేబులో పెట్టుకుని ఎక్కాడు.

సగం దాకా బాగానే వెళ్ళాడు. తర్వాత సైకిల్ పాములా తిరగడం మొదలెట్టింది. బొజ్జ హ్యాండిల్‌కు తగులుతోంది. "మోటారు వేయండి మాస్టారూ!" అని కింద నుంచి అరుపులు. నడినెత్తిన ఒక కాలు కింద పెట్టి రెయిలింగు పట్టుకుని అలా ఒగరుస్తూ నిలబడిపోయాడు. పాపం, మంచినీళ్ళు ఇద్దామంటే సీసా అమ్మ ఖాళీ చేసేసింది. కాసేపటికి మా వైపు తిరిగి దిగుడులోకి వదిలాడు. వేగం అందుకోగానే మొదలైంది. జుయ్‌య్‌య్. బ్రిడ్జి మొత్తం వినపడింది. ఆయన ఉలిక్కిపడి కాళ్ళు పెడళ్ళ మీది నుంచి తీసేసి గాల్లో చాపాడు. పెడళ్ళు కదలటం లేదు, కాళ్ళు గాల్లో ఉన్నాయి, మోత మాత్రం సైకిల్‌తోపాటు మా ముందు నుంచే పోయింది.

రొయ్యల బాబాయ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓర్నీ, మా చెరువు మీదదే! రోజూ వినేదే!"

"ఇంకోసారి రిబ్బన్ విప్పి ఎక్కండి సార్, అప్పుడు పూర్తిగా తేలుద్ది" అన్నాను.

"అమ్మా తల్లీ, నీకు దణ్ణం. ఏ మోటారూ లేదు. ఉంటే నాకీ అవస్థ ఎందుకు?" అన్నాడు కోచ్, షర్టుతో మొహం తుడుచుకుంటూ. ఆ మాటలో దాపరికం లేదు. నాకు ఆయన మీద కోపం సగం పోయింది. తన పిల్ల కోసమే అడిగాడు. నా కోసం ఎవరైనా అలా అడిగితే నేనూ సంతోషిస్తాను.

మేడం రిబ్బన్ తనే విప్పి అమ్మ చేతిలో పెట్టారు. "ఇకమీద సైకిల్‌కి ఏం కట్టినా ముందు మాకు చెప్పి కట్టండమ్మా" అన్నారు. అమ్మ తలూపింది. చెప్పి కట్టే దిష్టి ఎక్కడైనా ఉంటుందా అని ఆవిడతో వాదించలేదు, అదే గొప్ప. మైకులో మొదటి స్థానం నాదేనని చెప్పినప్పుడు పీడీ సారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. మెట్ట అమ్మాయి వచ్చి చెయ్యి కలిపింది. "గాలికి నేను ఆగిపోయానక్కా. నువ్వెలా ఆగలేదు?" అంది. మా ఊరు రా, తవుడు బస్తా ఇస్తానన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఎప్పుడు రమ్మంటావని అడిగింది.

సీటును ఆ మర్నాడే ఏలూరులో ఒక షాపులో వేడిచేసి ఊడదీయించాం. గొట్టంలో తుప్పు పొడి, ఎండిపోయిన కందిరీగ గూడు. అంతే. ఇప్పుడది చిటికెలో ఊడి వస్తుంది. ఎవరడిగినా తీసి చూపిస్తాను.

ఇక అసలు కబురు. మొన్న ఫోనొచ్చింది. శిబిరానికి సోమవారం రావాలట. డిగ్రీ సర్టిఫికెట్ నకలు కూడా తెమ్మన్నారు. ఆ మాట విని అమ్మ ఒకటే మురిసిపోయింది. సైకిల్ పోటీకి డిగ్రీ అడిగారంటే అది చాలా పెద్ద పోటీ అయ్యుంటుందని ఊళ్ళో చెబుతోంది. అడిగింది ఫారంలో చదువు గడి నింపుకోవడానికని నేను చెప్పలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ అడిగింది. "అక్కడ కూడా మోటారుందంటారా?"

"గెలిస్తే అంటారమ్మా. ఓడిపోతే ఎవరూ అడగరు."

అమ్మ నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

"అయితే ప్రతిసారీ అడిగించుకో" అంది.